మిల్లు కూత మళ్ళీ మోగిన ఏడాది

ఊళ్ళో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన కూతాయన. నూలుమిల్లు బాయిలరు గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. బొగ్గు ఎగదోయడం, ఆవిరి ఎంత ఎక్కిందో గేజి చూసుకోవడం, వేళకు గొలుసు లాగి కూత వేయడం ఆయన పని. రోజుకు ఐదు కూతలు. తెల్లవారుజామున ఐదింటికి మొదటిది పడగానే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. ఆయన పెళ్ళినాడు కూడా మధ్యాహ్నం కూత వేళకి పెళ్ళికొడుకు కనబడకుండా పోయాడనీ, మసి చేతులతోనే తిరిగొచ్చి పీట మీద కూర్చున్నాడనీ అత్తింటివాళ్ళు చాలాకాలం చెప్పుకుని నవ్వేవారు.

భార్య అదే మిల్లులో నూలు వడికేది. దూది దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మిల్లు మూతపడిన ఏడాదికే, దగ్గి దగ్గి, ఆమె పోయింది. కూతురొక్కతే మిగిలింది. కూతాయన ఆ తర్వాత ఒక గిడ్డంగికి కాపలా ఉన్నాడు. అదీ మానేసి, వీధి వైపు గది అద్దెకిచ్చి, వెనక రెండు గదుల్లో కూతురితో కాలక్షేపం చేస్తున్నాడు. ఆ వీధి గదిలో ఒక కుట్టుపనామె ఉండేది. భర్త పోయాక, ఉన్న ఊళ్ళో పని దొరక్క, కుట్టుమిషను ఒక్కటీ వెంటబెట్టుకుని ఎనిమిదేళ్ళ కిందట వచ్చింది. మిల్లు మూసేశాక చవగ్గా గదులు దొరుకుతాయని వచ్చిన చాలామందిలో ఆమె ఒకతె. కూతాయన్ని బాబాయ్ అనేది. ఆయన చొక్కాకి గుండీ ఊడితే అడక్కుండానే కుట్టేది.

మిల్లు మూసిన ఇరవై రెండో ఏట ఒక కంపెనీ దాన్ని కొన్నది. గోడలకు సున్నం కొట్టించి, లోపల అంగళ్ళు కట్టి, మిల్లు బజారు అని బోర్డు పెట్టింది. ప్రారంభానికి నెల ముందు ఆ కంపెనీ ప్రకటనలు చూసే ఆవిడ కూతాయన ఇంటికి వచ్చింది. చేతిలో రికార్డరు ఉంది. మాట మెత్తన.

"ఆ రోజుల గురించి చెప్పండి బాబాయ్ గారూ. మీకు ఏది గుర్తొస్తే అది."

ఆయనకు ముందుగా గుర్తొచ్చింది అగ్నిప్రమాదం. మిల్లు మూతపడ్డానికి ఎనిమిదేళ్ళ ముందు దూది ఏకే షెడ్డు అంటుకుంది. పనివాళ్ళు మధ్యలో బయటికి జారుకుంటున్నారని ఆ షెడ్డు తలుపుకి పగలంతా బయట తాళం వేసేవారు. తాళంచెవి టైము కీపరు దగ్గర ఉండేది. ఆయన ఆ వేళ భోజనానికి ఇంటికెళ్ళాడు. కూతాయన బాయిలరు గది కిటికీలోంచి పొగ చూశాడు. గొలుసు పట్టుకుని, మనిషి పరుగెత్తి వెళ్ళి తాళంచెవి తెచ్చేదాకా వదల్లేదు. పదకొండు నిమిషాలు. షెడ్డు మేస్త్రీకి అన్నం తెచ్చిన భార్య క్యారియరుతో ఆ తలుపుని బాదుతూనే ఉంది. తలుపు తీసేసరికి లోపల తొమ్మిది మంది పోయారు. మేస్త్రీ వాళ్ళలో ఒకడు.

"గొలుసు వదిలి బొగ్గు పార పట్టుకుని పరుగెత్తి ఉంటే ఆ తాళం పగిలేదేమోనమ్మా," అన్నాడు ఆయన. "ఇప్పటికీ అదే అనిపిస్తుంది."

ఆవిడ రికార్డరు ఆపింది. "చాలా బాధాకరం. కానీ జనం బజారుకి సంతోషంగా రావాలి కదా. కూత వినగానే పిల్లలు ఏం చేసేవాళ్ళు, అలాంటివి చెప్పండి."

ఆయన అలాంటివే చెప్పాడు. అవీ నిజమే. సాయంత్రం కూతకి పిల్లలు గేటు దాకా పరుగెత్తి వచ్చేవాళ్ళు. భార్య జడలో దూది పింజలు ఇరుక్కుని ఉంటే కూతురు ఏరేది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ కూత వేస్తారా అని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

బాయిలరు ఎప్పుడో తుక్కు కింద పోయింది. పాత ఇత్తడి కూతగొట్టానికి గాలి ట్యాంకు బిగించారు. ఆవిరి కూతలో ఉండే బొంగురు గాలి కూతలో రాదు. ఆ సంగతి ఆయనకు మొదటిరోజే తెలిసింది. ప్రారంభం నాడు పిడి కిందికి లాగి, కిటికీలోంచి చూస్తే, బజారు ముందు నిలబడ్డ వేలమంది ఒక్కసారిగా తలలెత్తారు. కొందరు చేతులు జోడించారు. కొందరు పక్కవాళ్ళ భుజం మీద తల పెట్టి ఏడ్చారు. వాళ్ళలో సగంమంది మిల్లు మూసేనాటికి పుట్టనే లేదు. కూతాయనకూ కన్నీళ్ళు ఆగలేదు. ముప్పై ఏళ్ళు మసి పూసుకుని చేసిన పనిని ఊరు ఇన్నాళ్ళకు పనిగా గుర్తించింది. దారిలో కనబడితే కుర్చీ వేసేవారు. టీకొట్లో డబ్బులు పుచ్చుకునేవారు కాదు.

కూతురికి బజారులో ఉద్యోగం వచ్చింది. సబ్బుల అంగట్లో. ఆ సబ్బు మిల్లువాళ్ళు పనివాళ్ళకు నెలకో బిళ్ళ ఇచ్చిన పసుప్పచ్చ సబ్బే. అప్పట్లో దాంతో చేతులు పగిలేవి. తల్లి దాన్ని అంట్లకు తప్ప వాడేది కాదు. ఇప్పుడు పాత కాయితంలాంటి కాయితంలో చుట్టి, ముడి వేసి అమ్ముతుంటే, జనం వరస కట్టి కొంటున్నారు. మూత ఊడిపోయే రేకు క్యారియర్లు కూడా అలాగే అమ్ముడుపోయాయి.

కంపెనీ కూతాయనకు నీలం చొక్కా, నీలం ప్యాంటు ఇచ్చింది. మిల్లువాళ్ళ పాత యూనిఫారం అని చెప్పింది. వాటిని కుట్టింది కుట్టుపనామే. రెండు వందల జతలకు ఆర్డరు దొరికిందని ఆమె సంబరపడింది. మిల్లులో యూనిఫారం అనేదే ఉండేది కాదు. చిరిగిన బనీన్లు, మోకాళ్ళు బయటపడ్డ లుంగీలు తప్ప ఆయన ఏమీ చూడలేదు. ఆ మాటే టీకొట్లో అంటే, ఆయనతో పాతికేళ్ళు బొగ్గు మోసిన మనిషి నవ్వాడు.

"నీకు మతిమరుపు వచ్చిందోయ్. నీలం చొక్కాలే కదా మనవి! జేబు మీద మిల్లు గుర్తు కూడా ఉండేది."

"నువ్వు బనీను కూడా లేకుండా వచ్చేవాడివిరా."

"ఊరుకో. మా మనవరాలికి చూపించాను ఫొటో."

ఆ ఫొటో బజారువాళ్ళు తీయించింది. నీలం చొక్కాలు తొడిగించి కొత్తవాళ్ళను నిలబెట్టి తీయించి, గోధుమరంగు పూయించారు. కూతాయన వాదించలేదు. కానీ ఇంటికొచ్చాక భార్య ముఖం గుర్తుతెచ్చుకోబోతే, ఆమె కూడా నీలం జాకెట్టులో కనిపించింది. ఆయన ట్రంకుపెట్టె తీసి, ఆమె వెలిసిన రవిక చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆ తర్వాత కార్డులు వచ్చాయి. మొదట అది బజారు తగ్గింపు కార్డు. మీద పొగగొట్టం బొమ్మ, కింద మిల్లు కుటుంబం అన్న అక్షరాలు. తాతో తండ్రో మిల్లులో పనిచేశాడని చూపిస్తే ఇచ్చేవారు. కార్డున్నవాళ్ళకు సబ్బు చవక. రెండు నెలల్లో వీధి కొట్లూ ఆ కార్డు అడగడం మొదలుపెట్టాయి. తర్వాత పాలబూత్ అడిగింది. తర్వాత మందుల షాపు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. కార్డున్నవాళ్ళ వరస ముందు, లేనివాళ్ళది వెనక. వెనక వరస దగ్గరికి వచ్చేసరికి సరుకు అయిపోయేది.

బజారులో అద్దెకు అంగడి నడిపే ఒకాయన పాత రోజుల సంఘం పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. గట్టిగా మాట్లాడడు. నవ్వుతూ మాట్లాడతాడు. తాను పోటీచేస్తున్న ఊరి ఎన్నికలు దగ్గరపడుతుంటే ప్రతి సాయంత్రం కూత అయ్యాక మైకు పట్టుకునేవాడు.

"ఆ కూత ఉన్న రోజుల్లో ఊళ్ళో దొంగతనం లేదు. జబ్బు లేదు. ఒకరి మొహం ఒకరికి తెలుసు. ఇవాళ మన వీధిలో మనకు తెలియని మొహాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని పడుకోండి!"

జనం నిజంగానే లెక్కపెట్టుకున్నారు. కుట్టుపనామె దగ్గరికి వచ్చే బట్టలు తగ్గాయి. బజారు తర్వాతి నీలం చొక్కాల ఆర్డరు కార్డున్న దర్జీకి ఇచ్చింది. ఒకరోజు ఆమె ఒక కాయితం పట్టుకుని వెనక గదుల్లోకి వచ్చింది.

"బాబాయ్, మీ చెల్లెలి కూతుర్నని రాసి సంతకం పెడితే నాకూ కార్డిస్తారంట. నాకు సబ్బులొద్దు, గిబ్బులొద్దు. ఆస్తమా మందు వరసలో వెనక పడిపోతున్నాను. మొన్న నా వంతు వచ్చేసరికి అయిపోయిందన్నారు."

ఆయన కలం కోసం చొక్కా జేబులో వెతికాడు. కూతురు వంటగదిలోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నకి చెల్లెళ్ళు లేరని ఊరందరికీ తెలుసక్కా. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముందమ్మా," అంది కుట్టుపనామె. కాయితం మడిచి జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. కూతాయన తల కొట్టేసినట్టు కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె వాకిట్లో కనబడితే ఆయనకు మొహం చెల్లేది కాదు. కూతురి చేత తన కార్డు మీద మందు తెప్పించి, సీసా ఆమె గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాడు.

అగ్నిప్రమాదం జరిగి ముప్పై ఏళ్ళు నిండిన రోజున సంఘంవాళ్ళు మిల్లు ఆవరణలో స్తూపం ఆవిష్కరించారు. తొమ్మిది పేర్ల పైన ఒక వాక్యం చెక్కించారు: బయటివారి కుట్రకు బలైనవారు. కూతాయన దాన్ని రెండుసార్లు చదివాడు. బయటివారనేవాళ్ళు అప్పటికి ఊళ్ళోకి రానే లేదు. మిల్లు మూశాకే వచ్చారు. ఆ లెక్క ఒకటో తరగతి పిల్లలైనా వేయగలరు. అక్కడ నిలబడ్డవాళ్ళలో ఎవరూ వేయలేదు.

ఆయన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. అధ్యక్షుడు మైకు అందించి, "ఆ రోజు కూత వేసి ఊరిని లేపిన చేతులివి!" అన్నాడు. చప్పట్లు మోగాయి. కూతాయన లేచాడు.

"కుట్ర ఏమీ లేదు," అన్నాడు. "దూదికి మిషను రాపిడి తగిలి అంటుకుంది. తలుపుకి బయట తాళం ఉంది. మనవాళ్ళే వేశారు. నేను చూశాను."

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేదని ఆయన తర్వాత కూతురితో అన్నాడు. ముందు వరసలో ఎవరో జాలిగా చప్పరించారు. ఒకావిడ, "పాపం, పెద్దాయన," అంది. జనం నవ్వారు, కానీ ఆ నవ్వులో కోపం లేదు. పసివాడు ముద్దుగా తప్పు మాట పలికితే నవ్వినట్టు నవ్వారు. అధ్యక్షుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "వయసు," అని మైకులో మెల్లగా చెప్పాడు.

కూతాయన కళ్ళు జనంలో మేస్త్రీ భార్యను వెతికాయి. ఆమె రెండో వరసలోనే ఉంది. "చెల్లెమ్మా, నువ్వు చెప్పు. తలుపు బాదింది నువ్వే కదా."

ఆమె లేచి నిలబడింది. కొంగు సర్దుకుని, అందరికీ వినిపించేట్టు చెప్పింది.

"తలుపు తెరిచే ఉందన్నయ్యా. నేను కళ్ళారా చూశాను."

కూతురు వేదికెక్కి ఆయన మోచెయ్యి పట్టుకుని దింపింది.

మర్నాడు ఆయన గాలి ట్యాంకు గొట్టం ఊడదీసి, పిడి విప్పి, సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఇక కూత ఉండదనుకున్నాడు. సాయంత్రం ఐదు గంటలకు కూత మోగింది. వేళ తప్పలేదు. ఆయన వేసిన కూతల్ని ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్నారు. వీధి స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి ఊరి నలుమూలలా ఒకేసారి వినిపించింది. అంత గట్టిగా అది మిల్లు రోజుల్లోనూ ఎన్నడూ వినపడలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన మేస్త్రీ భార్య ఇంటికి వెళ్ళాడు. దెబ్బలాడటానికి కాదు, అడగడానికి. ఆమె లోపలికి రమ్మని, స్టూలు వేసి, టీ పెట్టింది. గోడకు మేస్త్రీ ఫొటో ఉంది.

"ఎందుకలా చెప్పావమ్మా?"

"మా పెద్దాడికి సంఘంలో ఉద్యోగం ఇచ్చారు. అందుకేననుకుంటున్నావు కదూ. అది కాదన్నయ్యా. ముప్పై ఏళ్ళు ఆ తాళం నా నిద్రలో వేలాడింది. తాళం వేసినాయన మా పక్కవీధిలోనే కాపురమున్నాడు. కనబడితే నమస్కారం పెట్టాను. ఒక్కనాడు అడగలేదు, ఎందుకు వేశావని. ఎందుకడగలేదో నాకే తెలీదు. ఇప్పుడు అందరూ తలుపు తెరిచే ఉందంటున్నారు. బయటివాడెవడో తగలబెట్టాడంటున్నారు. ఆ మాట నమ్మిన రోజు నాకు మొదటిసారి తెల్లారేదాకా నిద్రపట్టింది."

"కానీ చేతులు..."

"చేతులు వాచాయి. అవునులే. రెండు వారాలు ముద్ద కలుపుకోలేకపోయాను." ఆమె అరచేతులు చూసుకుంది. "నువ్వూ తెరిచే ఉందనుకో. పార పట్టుకుని పరుగెత్తలేదని నువ్వెప్పుడూ చెప్పుకునే బాధా ఉండదు. హాయిగా ఉంటుంది."

ఆమె చెప్పిందాంట్లో ఆయనకు ఎంతో ఇష్టమైనదేదో ఉంది. దానికే భయం వేసింది.

అప్పుడే కూత మోగింది. మూడున్నరకు. ఆ వేళకి ఏ కూతా లేదు. ఆయన కిటికీ వైపు తిరిగాడు. కూత ఆగలేదు. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. చేతిలో పని చేతిలోనే వదిలి మనుషులు బయటికొస్తున్నారు. ఎవరూ ఎవరినీ ఎందుకని అడగడం లేదు. ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కన పెట్టి, పాలబూత్ మనిషి గొళ్ళెం వేసి నడిచారు. మేస్త్రీ భార్య లేచి శాలువా కప్పుకుంది. కార్డు కొంగున ముడి వేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"కూత వేశారు కదా. వస్తావా?"

వాళ్ళంతా ఒకే వైపు వెళుతున్నారు. తన వీధి వైపేనని ఆయనకు అర్థమైంది. డెబ్బై రెండేళ్ళ కాళ్ళతో సందుల్లోంచి అడ్డదారిన పరుగులాంటి నడక నడిచాడు. ఇంటికి చేరేసరికి వీధి మొదట్లో జనం నిలబడి ఉన్నారు. కర్రలు లేవు, రాళ్ళు లేవు. గోడల్లా నిలబడి ఊరికే చూస్తున్నారు. సంఘం మనుషులిద్దరు కార్డు లేని ఇళ్ళ తలుపుల మీద సుద్దతో గుర్తు పెడుతున్నారు. కుట్టుపనామె గుమ్మానికి అప్పటికే పెట్టారు.

ఆమె లోపల మూట కడుతోంది.

"ఆరింటికి బస్సుంది బాబాయ్. మా పిన్ని కూతురి ఊరికి. మిషను మీరుంచుకోండి. మోయలేను."

ఆయన బల్ల మీంచి మిషను విప్పి, పాత దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ వీధిలోకి దిగారు. జనం దారిచ్చారు. వాళ్ళలో ఆమె బట్టలు కుట్టినవాళ్ళున్నారు. బొగ్గు మోసిన స్నేహితుడున్నాడు. కూతురూ ఉంది, సబ్బుల అంగడి వాళ్ళ వరసలో. ఆమె తండ్రిని చూసి తల దించుకుంది.

వీధి చివర సంఘం మనిషి అడ్డం వచ్చాడు. కూతాయన మిషను దించకుండానే కార్డు తీసి చూపించబోయాడు.

"అక్కర్లేదు పెద్దాయనా," అన్నాడతను మర్యాదగా. "వెళ్ళేవాళ్ళకి కార్డు అక్కర్లేదు."

బస్సు స్టాండులో అలాంటి మూటలు చాలా ఉన్నాయి. ఆయన మిషను బస్సులోకి ఎక్కించాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, "మందు సీసా నా గుమ్మం దగ్గర ఎవరు పెట్టేవాళ్ళో నాకు తెలుసు బాబాయ్," అంది. బస్సు కదిలాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఎన్నేళ్ళుగానో మోస్తున్న బరువేదో మిషనుతోపాటు దిగిందేమోనని చూసుకున్నాడు. దిగలేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు దీపం వెలిగించి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"ఎవరైనా చూశారా నాన్నా, నువ్వు మిషను మోయడం?"

"అందరూ చూశారు. నువ్వూ చూశావు."

పొద్దున్నే సంఘంవాళ్ళిద్దరు వచ్చారు. చెప్పులు బయట విడిచి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఆయన కార్డు వెనక్కి ఇమ్మన్నారు. ఆయన ఇచ్చేశాడు. కూతురి కార్డు కూతురి దగ్గరే ఉంది. దాన్ని తీసుకోబోమని, ఆ అమ్మాయి బాగా పనిచేస్తోందని చెప్పి వెళ్ళారు. పై నెల ఎన్నికల్లో అధ్యక్షుడు గెలిచాడు.

ఆయనకు రక్తపోటు మాత్రలు వారానికోసారి కావాలి. కూతురు పని నుంచి వస్తూ ముందు వరసలో నిలబడుతుంది. మందుల షాపతను కార్డు చూసి, చీటీ చూసి, ఎవరికని అడుగుతాడు.

"నాకే," అంటుంది.